రోమన్ శిథిలాలు, వైన్ టేస్టింగ్ కలిపిన టూర్: వెరోనాలో రెండు రోజులున్నాయి, సలహా చెప్పండి

గెలాక్సీ_ఒంగోలు:

అందరికీ నమస్తే. మాది ఒంగోలు, చీమకుర్తి రోడ్డులో చిన్న గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉంది. సెప్టెంబర్ ఆఖర్లో ఇటలీలోని వెరోనాలో మార్మోమాక్ అనే రాళ్ల ఎగ్జిబిషన్‌కి వెళ్తున్నాను (రాళ్ల వ్యాపారంలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, ఏ దేశం రాయైనా అక్కడ కనపడాల్సిందే). ఎప్పుడూ స్టాల్, హోటల్, ఎయిర్‌పోర్ట్ తప్ప ఇంకేమీ చూడకుండా వచ్చేస్తుంటాను. ఈసారి మా ఆవిడ, మా బావమరిది కూడా బయల్దేరారు. ఎగ్జిబిషన్ శుక్రవారంతో అయిపోతుంది, తిరుగు ఫ్లైట్ సోమవారం పొద్దున మిలాన్ నుంచి. మధ్యలో శని, ఆదివారాలు ఖాళీ.

పేచీ ఏంటంటే, మా ఆవిడ హైస్కూల్లో సోషల్ చెబుతుంది. రోమన్ల కట్టడాలు చూడాలి, అదీ బయట నిలబడి ఫోటో దిగి వచ్చేయడం కాదు, తెలిసిన గైడ్ పక్కన నడుస్తూ చెప్పాలి అని పట్టు. మా బావమరిదికి రాళ్లు ఫ్యాక్టరీలో చూసేవే చాలు, వాడికి కావాల్సింది వైన్. ఒకసారి బెంగళూరు నుంచి నందిహిల్స్ దగ్గర గ్రోవర్ తోటకి వెళ్లొచ్చాడు, అప్పట్నుంచి ఏ గ్లాసు చేతికిచ్చినా తిప్పి వాసన చూడందే నోట్లో పోయడు, మంచినీళ్లయినా సరే.

ఆన్‌లైన్‌లో చూస్తే రెండూ కలిపిన ప్యాకేజీలు కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. పొద్దున గైడ్‌తో శిథిలాలు, మధ్యాహ్నం ద్రాక్షతోటలో భోజనం, నాలుగైదు రకాల వైన్, సాయంత్రానికి హోటల్ దగ్గర దింపేస్తారు. ఎక్కువ పాంపేయి (79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలి పూడిపోయిన రోమన్ ఊరు) వైపే కనిపిస్తున్నాయి. ఎవరైనా వెళ్లారా? ఆ ప్యాకేజీలు నిజంగా బాగుంటాయా లేక రెండూ అరకొరగా చూపించి పంపుతారా? ఇంకొకటి, మా ఆవిడ మందు ముట్టదు, పైగా శనివారం నీచు తినదు, తోటలో కూర్చుని ఆమె ఏం చేయాలి? కారు అద్దెకి తీసుకుని నేనే నడుపుకుంటే అవుతుందా?

పెన్నా_టు_మిలానో:

అన్నా, మాది నెల్లూరు, ఇప్పుడు మిలాన్‌లో ఉద్యోగం. పాంపేయి సంగతి ఈ ట్రిప్‌కి మర్చిపోండి. వెరోనా నుంచి నేపుల్స్‌కి స్పీడ్ ట్రైన్‌లోనే దాదాపు ఐదు గంటలు, అక్కడ దిగి మళ్లీ చిర్కుమ్‌వెసువియానా లోకల్ ట్రైన్ పట్టుకోవాలి, మళ్లీ మిలాన్ దాకా వెనక్కి రావాలి. ఉన్న రెండు రోజుల్లో ఒకటి రైల్లోనే అయిపోతుంది. మీరు దిగే ఊరే రోమన్ ఊరు, దాన్ని వదిలేసి అంత దూరం దేనికి?

వెరోనా నడిబొడ్డున అరీనా ఉంది. రోమ్‌లో కొలోసియం తెరిచింది క్రీ.శ. 80లో, ఇది దానికంటే ముందుది, 1వ శతాబ్దం మొదటి సగంలో కట్టారు. ఆ రోజుల్లో ముప్ఫై వేల మంది దాకా కూర్చునేవారట. 1117లో పెద్ద భూకంపం వచ్చి బయటి గోడ దాదాపు అంతా కూలింది, ఒక పక్కన నాలుగు ఆర్చీలు మాత్రం నిలబడ్డాయి. చాలామంది ఆ నాలుగింటి ముందు ఫోటో దిగి అదే డిజైన్ అనుకుంటారు, గైడ్ ఉంటే అసలు గోడ ఎక్కడిదాకా ఉండేదో చేత్తో చూపిస్తాడు, అప్పుడు గానీ సైజు అర్థం కాదు. కూలిన రాళ్లని ఊరి జనం ఇళ్లకీ గుళ్లకీ వాడుకున్నారు. 1913 నుంచి వేసవిలో లోపల ఒపేరాలు ఆడుతున్నారు, సెప్టెంబర్ ఆఖరుకి ఆ సీజన్ అయిపోయి ఉంటుంది.

మీరు రాయి మనిషి కాబట్టి ఇంకో మాట. అరీనాకి వాడిన తెలుపు, గులాబి రంగు సున్నపురాయి వెరోనా పక్కనే ఉన్న వాల్పొలిచెల్లా అనే కొండల ప్రాంతం క్వారీలది. ఊళ్లో ఎర్ర రాయి పరిచిన చోట కిందకి చూస్తూ నడవండి, పలకల్లో అమ్మొనైట్ (ఎప్పుడో అంతరించిన సముద్ర జీవి) శిలాజాలు చుట్టలు చుట్టుకుని కనిపిస్తాయి, కొన్ని పళ్లెమంత ఉంటాయి. మా ఫ్రెండ్‌కి చూపిస్తే పేవ్‌మెంట్ మీద కూర్చుండిపోయాడు. ఆ క్వారీల పక్క కొండల మీదే ద్రాక్షతోటలు. అంటే కట్టడానికి రాయి ఇచ్చిన కొండా, వైన్ ఇచ్చే కొండా ఒకటే. వదినగారికీ మీ బావమరిదికీ అక్కడే రాజీ కుదిరిపోతుంది.

ప్యాకేజీ మాత్రం వద్దు. ఊళ్లో గైడ్‌ని విడిగా మాట్లాడుకోండి, లైసెన్స్ ఉన్నవాళ్లని రెండు మూడు గంటలకి పెట్టుకుంటే అరీనా, పోర్టా బోర్సారి అనే రోమన్ ద్వారం, పియాజ్జా ఎర్బె (రోమన్ల కాలంలో ఊరి ఫోరం, అంటే నడిబొడ్డు కూడలి అదే), పోంటె పియెత్రా వంతెన, నది అవతల రోమన్ థియేటర్, అన్నీ నడకలోనే అయిపోతాయి. ఆ వంతెనని 1945లో వెనక్కి పోతూ జర్మన్లు పేల్చేశారు, తర్వాత నదిలోంచి పాత రాళ్లు ఏరి మళ్లీ కట్టారు. మధ్యాహ్నం టాక్సీలో వాల్పొలిచెల్లా, అరగంట దూరం, అక్కడ ఒకే ఒక్క సెల్లార్ (వైన్ చేసి నిల్వ ఉంచే చోటు). ఒక రోజులో రెండు మూడు సెల్లార్లు చుట్టే టూర్లుంటాయి, రెండోదానికి వచ్చేసరికి నాలుక పనిచేయదు, మూడోదాంట్లో ఎవరేం చెప్పారో గుర్తుండదు.

కందుకూరు_కుర్రోడు:

పై అన్న చెప్పింది టైమ్ పరంగా కరెక్టే, కాదనను. కానీ శిథిలాలు, వైన్ రెండూ ఒకటే అయ్యే చోటు ఏదంటే పాంపేయే. అరీనాలో జనం కుస్తీలు చూశారు, పాంపేయిలో జనం కూర్చుని తాగారు, తేడా అదే. ఇంకో రెండు రోజులు లీవ్ పెంచుకోగలిగితే అక్కడికే వెళ్లమంటాను.

నేను ఆఫీసు వాళ్లతో అలాంటి ప్యాకేజీలోనే వెళ్లాను. శిథిలాల దగ్గర గైడ్ గొడుగు ఎత్తుకుని పరుగే పరుగు, రెండు గంటల్లో "బస్ వెయిటింగ్" అన్నాడు. అరవై ఆరు హెక్టార్ల ఊరు అది, ఇంకా మూడో వంతు తవ్వనేలేదు, రెండు గంటల్లో ఏం కనపడుతుంది? తోటలో మాత్రం భోజనానికి తీరిగ్గా కూర్చోబెట్టారు, ఎందుకంటే చివర్లో బాటిళ్లు అమ్మాలి కదా. అందుకే కలిపి అమ్మేవాటిలో ఎప్పుడూ శిథిలాల టైమే కోతపడుతుంది, బుక్ చేసేముందు సైట్ లోపల ఎన్ని గంటలు అని స్పష్టంగా అడగండి, మూడు గంటల కంటే తక్కువైతే వదిలేయండి.

అయినా సరే అక్కడ చూసింది మర్చిపోలేను. వీధి మొగల్లో రాతి గట్టు, గట్టులో గుండ్రటి కంతలు, లోపల కుండలు పాతిపెట్టి ఉంటాయి. అవే వాళ్ల హోటళ్లు, వేడి తిండి, వైన్ అమ్మేవి. 2020లో ఒకటి బొమ్మలతో సహా పూర్తిగా బయటపడింది, అందులో ఒక కుండ అడుగున నలిపిన చిక్కుడు జాతి గింజలు దొరికాయి, వైన్ రంగు, రుచి మార్చడానికి వేసేవారట. కల్తీ అనాలో మసాలా అనాలో మీరే చెప్పండి. ఒక కొట్టు గోడ మీద రేట్లు కూడా రాసి ఉన్నాయి: ఒక ఆస్‌కి (రోమన్ల చిల్లర నాణెం) మామూలుది, రెండిస్తే మంచిది, నాలుగిస్తే ఫలెర్నియన్ అనే పేరున్న వైన్. ఇంకో చోట ఎవడో కడుపు మండినోడు గోడ మీద గీకాడు, ఓ కొట్టువాడా, మాకు నీళ్లు అమ్మి నువ్వు మాత్రం అసలు సరుకు తాగుతున్నావు, నీ మోసం నీకే తగలాలి అని. రెండు వేల ఏళ్లయినా కొట్టువాడి బుద్ధి మారలేదు.

పాంపేయి వైన్ తాగితే మర్నాడు మధ్యాహ్నం దాకా తలనొప్పి వదలదు అని ప్లినీ అనే రోమన్ రచయిత రాసిపెట్టాడు. ఆయనే 79లో వెసూవియస్ పేలినప్పుడు ఆ తీరంలో చనిపోయాడు.

తోట సంగతి చెప్పాలి. బూడిద, రాళ్ల పొరల కింద చెట్ల వేళ్లు కుళ్లిపోయి వాటి ఆకారంలోనే ఖాళీలు మిగిలాయి. విల్హెల్మీనా జాషెంస్కీ అనే అమెరికన్ చరిత్రకారిణి 1960ల్లో ఆ కంతల్లో చేరిన చిన్న చిన్న రాళ్లు తీసేసి, సిమెంట్ పోసి, గట్టిపడ్డాక చుట్టూ మట్టి తవ్వి చూస్తే వేరు ఆకారం అచ్చు దిగింది. యాంఫీథియేటర్ పక్కన పశువుల సంత అనుకున్న స్థలం నిజానికి రెండు వేలకు పైగా తీగలున్న ద్రాక్షతోట అని అలా తేలింది. ఒక్కో వేరు పక్కన కర్ర పాతిన గుంత కూడా ఉంది, ఎంతెంత దూరంలో నాటారో కొలవచ్చు. 1996 నుంచి మాస్ట్రోబెరార్డీనో అనే వైన్ కంపెనీ పురావస్తు శాఖ వాళ్లతో కలిసి శిథిలాల లోపలే మళ్లీ తీగలు నాటింది, అవే గుంతల లెక్క, అవే పియెదిరోస్సో లాంటి పాత రకాలు, 2001 పంటతో మొదటి వైన్ తీసింది. ఆ తోటల్లో ఒకటి కంచె బయట నిలబడి చూశాను, గోడ కూలిన ఇంటి పెరట్లో గుత్తులు వేలాడుతున్నాయి.

వెళ్తే పక్కనే బోస్కోరియాలెలో విల్లా రెజీనా కూడా చూడండి, పెద్ద బంగళా కాదు, రైతు ఇల్లు. నేలలో మెడ దాకా పాతిన 18 పెద్ద మట్టి జాడీలు, వైన్ పులిసేదీ నిల్వ ఉండేదీ అందులోనే. టూర్ బస్సులు అటు పోవు, హాయిగా ఉంటుంది.

గెలాక్సీ_ఒంగోలు:

లీవ్ పెంచడం కుదరదు తమ్ముడూ, దసరాకి ముందు యూనిట్‌లో నేను లేకపోతే లోడింగ్ ఆగిపోతుంది. పాంపేయి వచ్చే ఏడాదికి పెట్టుకుంటాను. నువ్వు రాసింది మా ఆవిడకి చదివి వినిపిస్తే ఆ సిమెంట్ పోసిన కథ రెండుసార్లు చదివించుకుంది. వాల్పొలిచెల్లాలో అలాంటివి ఏమైనా ఉన్నాయా, తోటలో శిథిలం? సెప్టెంబర్ ఆఖర్లో కోతలు నడుస్తుంటాయంటున్నారు, అప్పుడు టేస్టింగ్ పెడతారా అసలు?

పెన్నా_టు_మిలానో:

ఉంది అన్నా, నేనే రాయడం మర్చిపోయాను. నెగ్రార్ అనే ఊళ్లో ద్రాక్ష తీగల వరసల కింద రోమన్ విల్లా మొజాయిక్ నేల ఉంది. 19వ శతాబ్దం చివర్లోనే ఆనవాళ్లు దొరికాయి, 1922లో కొంత తవ్వి మళ్లీ పూడ్చేశారు, తర్వాత సరిగ్గా ఎక్కడో తెలియకుండా పోయింది. 2020 మే నెలలో మళ్లీ బయటపడింది, తీగల మధ్య కందకంలో రంగురంగుల నేల ఉన్న ఫోటో ప్రపంచమంతా తిరిగింది, మీరూ చూసే ఉంటారు. కాకపోతే అది టికెట్ కౌంటర్ ఉన్న మ్యూజియం కాదు, ముందు కనుక్కోకుండా వెళ్తే గేటు చూసి రావడమే.

కోతల టైమ్ అంటే సెల్లార్ వాళ్లకి ఊపిరాడదు, చిన్న తోటల వాళ్లు విజిటర్స్‌ని రానివ్వకపోవచ్చు. ఇప్పుడే మెయిల్ పెట్టండి. కానీ రానిస్తే మాత్రం ఏడాది మొత్తంలో చూడాల్సిన టైమ్ అదే, ఎందుకంటే అమరోనె వైన్‌కి ద్రాక్షని ఆరబెట్టేది అప్పుడే.

కందుకూరు_కుర్రోడు:

ఆరబెట్టడం చూపిస్తే అస్సలు వదలొద్దు. నేను వేరే ట్రిప్‌లో చూశాను. మన టంగుటూరు, కందుకూరు వైపు పొగాకు బ్యారన్‌లు చూసినవాళ్లకి ఆ గది వెంటనే తెలిసిపోతుంది, అదే ఎత్తు, అవే అరలు, లోపలికి పోగానే మాట తగ్గించే ఘాటు వాసన. బ్యారన్‌కి కింద పొయ్యి ఉంటుంది, వీళ్లకి పొయ్యి లేదు, కిటికీలు తెరిచి కొండగాలికి వదిలేస్తారు, తేమ ఎక్కువైతే ఫ్యాన్లు వేస్తారు. గుత్తులు ఒకదాని మీద ఒకటి పడకుండా ఒకే వరసలో పరుస్తారు, మధ్యలో ఒక్క పండు కుళ్లినా పక్కవి పోతాయి కాబట్టి ఒకామె అరల మధ్య తిరుగుతూ చిన్న కత్తెరతో ఒక్కో పండూ తీసేస్తూ కనపడింది. అలా మూడు నెలలు పైగా. డిసెంబర్ 1కి ముందు పిండకూడదని రూలే ఉంది. అప్పటికి నీరు పోయి తీపి చిక్కబడుతుంది, ఆ తీపంతా పులిసి ఆల్కహాల్ అయ్యేదాకా ఉంచితే అమరోనె, మధ్యలో ఆపితే తియ్యగా రెచోతో. అమరోనె 14 శాతానికి తగ్గకూడదు, చాలావాటిలో 15, 16 ఉంటుంది. మీ బావమరిదికి ముందే చెప్పండి, నందిహిల్స్ లెక్క ఇక్కడ పనికిరాదు.

దీనికీ రోమన్లకీ సంబంధం లేకపోలేదు. 6వ శతాబ్దంలో కసియొడోరస్ అనే ఆయన, గోతు రాజుల కొలువులో పెద్ద అధికారి, రాజుగారి భోజనానికి వెరోనా వైపు వైన్ తెప్పించమని ఉత్తరం రాశాడు. శరదృతువులో కోసి, ఆరబెట్టి, చలికాలంలో పిండుతారు అని పద్ధతి మొత్తం అందులో ఉంది. గైడ్ మంచివాడైతే ఈ ఉత్తరం సంగతి ఎత్తుతాడు, ఎత్తకపోతే మీరే అడగండి.

కావలి_అమ్మాయి:

అన్నయ్యగారూ, వదినగారి ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు, అన్నీ తాగేవాళ్ల సలహాలే! నేను తాగను, మా ఆయన తాగుతారు, ఇద్దరం వాల్పొలిచెల్లా వెళ్లాం. బుక్ చేసేటప్పుడే ఒకరు తాగరు అని రాస్తే చాలాచోట్ల తక్కువ తీసుకుంటారు లేదా టేస్టింగ్ డబ్బులు వదిలేస్తారు, అక్కడికెళ్లాక చెబితే మాత్రం ఒప్పుకోరు. నాకు ద్రాక్షరసం ఇచ్చారు, వాళ్ల తోట ఆలివ్ నూనె బ్రెడ్ మీద పోసి ఇచ్చారు, గొంతులో కారం తగిలింది, మంచి నూనె అంటే అలాగే ఉంటుందట. తోట నడక, ఆరబెట్టే గది, పీపాల గది, వీటన్నిటికీ తాగక్కర్లేదు. గ్లాసుల ముందు కూర్చునే టైమ్ ఒక్కటే బోరు, ఆ గంటలో నేను బయట తోట గట్టు మీద కూర్చున్నాను, ఎవరూ ఏమీ అనుకోలేదు.

తిండి విషయంలో మాత్రం జాగ్రత్త. వెరోనాలో గుర్రం మాంసం కూర పేరున్న వంటకం, మెనూలో "కవాల్లో" అని గానీ "పస్తిస్సాదా" అని గానీ ఉంటే అదే. "అసీనో" అంటే గాడిద. బొమ్మ చూసి మటన్ అనుకుని ఆర్డర్ చేసేసిన తెలుగు వాళ్లున్నారు, పేర్లు చెప్పను. అమరోనె పోసి వండిన రిసోట్టో చూడ్డానికి శాకాహారమే, కానీ చాలాచోట్ల మాంసం ఉడికించిన నీళ్లతో చేస్తారు. కాబట్టి శనివారం "సెంజా కార్నె, సెంజా పెషె, సెంజా బ్రోదో" అనండి, మాంసం, చేప, ఆ పులుసు నీళ్లు ఏవీ వద్దని. గుమ్మడికాయ కూరిన తోర్తెల్లీ పాస్తా, పొలెంటా (మొక్కజొన్న పిండి సంకటి), పుట్టగొడుగులు దొరుకుతాయి. వారానికి ఒక్కరోజు మానేసేవాళ్లకి పర్వాలేదు గానీ పూర్తి శాకాహారులైతే పర్మేజాన్, గ్రానా పదానో చీజ్‌లు కూడా పశువుల రెన్నెట్‌తోనే (దూడ కడుపులోంచి తీసి పాలు విరగడానికి వాడేది) చేస్తారు. మేమైతే హోటల్ రూమ్‌లో గోంగూర పచ్చడి సీసా పెట్టుకునే తిరిగాం, పొలెంటాలో నంజుకుంటే బ్రహ్మాండం.

పాత_నాణెం:

నెల్లూరు నుంచి. రోమ్, వైన్ అంటూ ఇంత మాట్లాడుకుంటున్నారు, టీచరుగారు వెళ్లేముందు పిల్లలకి చెప్పడానికి మన దగ్గరి సంగతి ఒకటి రాస్తాను. 18వ శతాబ్దం చివర్లో నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్ల గుట్ట పక్కన దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం అడ్డం తగిలింది. తవ్వితే చిన్న గుడి ఆనవాళ్లు, దాని కింద చిన్న కుండ, కుండలో రోమన్ బంగారు నాణేలు. ట్రాజన్, హాడ్రియన్, ఫౌస్టినా బొమ్మలున్నవి, అంటే 2వ శతాబ్దానివి. కొన్ని నిన్న ముద్ర కొట్టినట్టు మెరుస్తున్నాయట, కొన్నిటికి కంతలున్నాయి, మెడలో వేసుకుని ఉంటారు. పాపం ఆ రైతు పాత బంగారం కింద అమ్మేశాడు, చాలావరకు కరిగిపోయాయి. డేవిడ్‌సన్ అనే ఈస్టిండియా కంపెనీ అధికారి రాసిన ఉత్తరం "ఏషియాటిక్ రీసెర్చెస్" రెండో సంపుటంలో అచ్చయింది కాబట్టి ఈ మాత్రమైనా మనకి తెలిసింది. వినుకొండలో కూడా 1889లో రోమన్ బంగారు నాణేలు దొరికాయి.

వైన్ కూడా మన దేశానికి వచ్చేది. 1వ శతాబ్దపు గ్రీకు నావికుడి పుస్తకం పెరిప్లస్‌లో, పడమటి తీరంలోని భరుకచ్ఛ (ఇప్పటి గుజరాత్‌లోని భరూచ్) రేవులో ఏం అమ్ముడుపోతుందో రాస్తూ వైన్, అందులోనూ ఇటలీ వైన్‌కి గిరాకీ అంటాడు. పుదుచ్చేరి పక్కన అరికమేడులో వైన్ తెచ్చిన రెండు చెవుల జాడీల ముక్కలు బోలెడు దొరికాయి, 1945లో వీలర్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వించాడు. నెల్లూరు నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి అక్కడుంటారు, చూడ్డానికి ఇప్పుడు అక్కడ మామిడి తోటా, రెండు మొండి గోడలూ తప్ప పెద్దగా ఏమీ లేవనుకోండి.

నాగార్జునకొండ మ్యూజియం చూసినవాళ్లెంతమంది? ఇక్ష్వాకుల కాలపు రాతి స్తంభం మీద గడ్డంతో, చేతిలో కొమ్ము పాత్రతో నిలబడ్డ మనిషిని చెక్కారు, పక్కన తాగే సరంజామా. పండితులు అది గ్రీకుల వైన్ దేవుడు డయోనిసస్ పోలిక అంటారు. అక్కడే మెట్లు మెట్లుగా కూర్చునే క్రీడా స్థలం కూడా దొరికింది, డ్యామ్ నీళ్లలో మునగకుండా దాన్ని అనుపులో మళ్లీ కట్టారు. వెరోనా అరీనా చూసొచ్చాక అనుపు వెళ్లండి, లేదా ముందే వెళ్లండి, ఒంగోలు నుంచి మాచర్ల మీదుగా ఒక్క రోజులో అయ్యే పని. ఈ రెండిటికీ సంబంధం ఉందో లేదో టీచరుగారు పిల్లల చేత వాదన పెట్టిస్తే బాగుంటుంది, నా మటుకు నాకు ఉందనే అనిపిస్తుంది, అయితే దానికి నాణేల కంటే గట్టి సాక్ష్యం కావాలి.

హైవే_పదహారు:

కారు గురించి అడిగారు కదా. నడపొద్దు సార్. ఇటలీలో లిమిట్ లీటరు రక్తానికి 0.5 గ్రాముల ఆల్కహాల్, టేస్టింగ్ అంటే ఒక్కో గ్లాసులో కొంచెమే పోస్తారు గానీ అయిదు రకాలు 50 మిల్లీలీటర్ల చొప్పున అనుకున్నా పావు లీటరు, అదీ 15 శాతంది. మీరు తాగకపోయినా సరే వెరోనా పాత ఊళ్లో బయటి బండ్లు పోకూడని జోన్ ఉంది, కెమెరా ఫోటో కొడుతుంది, చలానా నెలల తర్వాత రెంటల్ కంపెనీ ద్వారా ఒంగోలుకే వస్తుంది. డ్రైవర్‌తో బండి మాట్లాడుకోండి లేదా సెల్లార్ వాళ్లనే పికప్ అడగండి.

టేబుల్ మీద ఖాళీ బకెట్ లాంటిది పెడతారు, అది ఉమ్మడానికే. నోట్లో తిప్పి అందులో ఉమ్మేయడం అమర్యాద కాదు, తెలిసినవాళ్లు చేసేదే అది. మీ బావమరిదికి ఇది ముందే చెప్పండి, లేకపోతే అన్నీ మింగేసి సాయంత్రం ట్రైన్‌లో మీ భుజం మీదే నిద్రపోతాడు.

బాటిళ్లు: మన కస్టమ్స్‌లో మనిషికి రెండు లీటర్ల దాకా డ్యూటీ లేదు. 750 మిల్లీలీటర్ల బాటిళ్లు రెండు తేవచ్చు, మూడోది పెడితే లిమిట్ దాటుతుంది. హ్యాండ్ బ్యాగ్‌లో పెడితే సెక్యూరిటీ దగ్గరే పోతాయి, చెక్-ఇన్‌లో బట్టల మధ్య చుట్టాలి. మార్మోమాక్‌లో రాయి శాంపిల్స్ ఎలాగూ తెస్తారుగా, దయచేసి రెండూ ఒకే సూట్‌కేసులో పెట్టకండి.

గెలాక్సీ_ఒంగోలు:

అందరికీ థాంక్స్. శాంపిల్స్ మాట కరెక్ట్, అది తట్టనే లేదు.

ఇంట్లో కూర్చుని ఇలా అనుకున్నాం. శనివారం పొద్దున అరీనా, థియేటర్, వంతెన, గైడ్‌తో. మధ్యాహ్నం నెగ్రార్ వైపు ఒక్క సెల్లార్, ఆరబెట్టే గది చూపించేదైతేనే. ఆదివారం మిలాన్ పోయే దారిలోనే గార్దా సరస్సు ఉంది కాబట్టి సిర్మియోనెలో రోమన్ విల్లా ఉందంటున్నారు, అది చూసి సాయంత్రం దెసెంజానోలో ట్రైన్ ఎక్కడం. అక్కడ కూడా వైన్ కావాలని వీడు గోల. కుదురుతుందా?

పెన్నా_టు_మిలానో:

బాగా కుదురుతుంది. సిర్మియోనె కొసన గ్రోట్టె ది కతుల్లో అని ఉంది, కవి కతుల్లుస్ పేరు పెట్టారు గానీ ఆయన పోయాక కట్టిన విల్లా అది. కప్పులు కూలిపోయి గుహల్లా కనిపించాయని గ్రోట్టె అన్నారు. రెండు హెక్టార్ల స్థలం, ఆలివ్ చెట్లు, మూడు వైపులా నీళ్లు. పొద్దున తెరవగానే లోపలుండేలా వెళ్లండి, పదకొండు దాటితే ఆ సన్న సందులో తిరునాళ్లే. ట్రైన్ సిర్మియోనె దాకా పోదు, దెసెంజానోలో లగేజ్ ఎక్కడ పెట్టాలో ముందే చూసుకుని అక్కడి నుంచి బస్సో పడవో ఎక్కండి.

వైన్‌కి లుగానా తాగమనండి, ఆ సరస్సు దక్షిణపు ఒడ్డు మట్టిలో తుర్బియానా ద్రాక్షతో చేసే తెల్ల వైన్, ముందు రోజు అమరోనె తర్వాత తేలిగ్గా ఉంటుంది, సరస్సు చేపతో బాగుంటుంది. ఆదివారం తోటల్లో చాలావరకు మూసేస్తారు, దానికోసం టాక్సీలో తిరగొద్దు, ఊళ్లో ఏ వైన్ బార్‌లోనైనా గ్లాసుల లెక్కన ఇస్తారు. వదినగారు ఆదివారం చేప తింటారుగా?

గెలాక్సీ_ఒంగోలు:

నెల్లూరు పుట్టిల్లు తమ్ముడూ, చేప అడగాలా. గైడ్‌కీ సెల్లార్‌కీ ఈ రాత్రే మెయిల్ పెడతాను, జవాబు వస్తే ఇక్కడే రాస్తా.